ఆ పక్క ఏమన్నా వస్తాందా?

కువైట్ నుంచి తిరిగొచ్చాక కొన్న కారు మా ఇంటి ముందర వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. దాంట్లో నా పక్కన నా భార్య కూర్చున్నది ఒకే ఒక్కసారి. ఆ తర్వాత చాన్నాళ్లు ఎక్కలేదు. ఎవరైనా అడిగితే "నాకు కారు వాసన పడదు" అనేది. అది అబద్ధమని ఊరికంతా తెలుసు. బండి తోలి బతికినవాణ్ణి నేను. నా బండి ఎక్కడానికి నా ఇంటిమనిషే జంకుతుందంటే ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే నవ్వుతారు, నవ్వారు కూడా. ఆమె మళ్లీ ఎక్కుతుందా లేదా అన్నది తప్ప ఆ రోజుల్లో నాకు ఇంకో ఆలోచన లేదు. అది చెప్పాలంటే ముందు నా పాత జీపు గురించి చెప్పాలి.

దేశం, అంటే కువైట్, పోకముందు నేను కంబదూరు నుంచి కళ్యాణదుర్గానికి సర్వీసు జీపు తోలేవాణ్ణి. ఆ దారిలో బస్సులు తక్కువ, మనుషులు ఎక్కువ. జీపు చేసినవాళ్లు ఎంతమందికని చేశారో నాకు తెలియదు. మేము మాత్రం చెయ్యెత్తిన ప్రతి మనిషినీ ఎక్కించుకునేవాళ్లం. వెనకాల, పైన, నిచ్చెన మీద. ముందర నా ఎడమ పక్క ముగ్గురు, కుడి పక్క ఒకరు. కుడి పక్క అంటే తలుపు ఉండాల్సిన చోటు. ఆ తలుపు ఎప్పుడో పీకి ఇంట్లో గొర్రెలకు అడ్డంగా పెట్టేశాను. అక్కడ కూర్చున్న మనిషి సగం నా సీటులో, సగం గాలిలో ఉండేవాడు. గేరు మార్చాలంటే ఎవరో ఒకరి మోకాలు జరగాలి. "పెద్దాయనా, కాలు" అంటే ఆయన కాలు తీసేవాడు, నేను గేరు వేసేవాణ్ణి, ఆయన మళ్లీ కాలు పెట్టుకుని ఆపిన కబురు అందుకునేవాడు.

అద్దాలు ఉండేవి గాని వాటిలో తలలు తప్ప రోడ్డు కనపడేది కాదు. అందుకని మలుపు వచ్చినా, పక్క నుంచి ఇంకో దారి కలిసినా ఆ పక్కన కూర్చున్నవాళ్లను అడగడమే నా పద్ధతి. "అన్నా, ఆ పక్క ఏమన్నా వస్తాందా?" ఆ మనిషి తల బయటపెట్టి చూసి "ఏం రాలే, పో" అనేవాడు. లేకుంటే "ఉండు, లారీ" అనేవాడు. కొందరు మరీ శ్రద్ధగా "గొర్లు వస్తాండాయి, మా మేనమామవే" అని వివరం కూడా ఇచ్చేవాళ్లు. నేను ఆ మాట మీద నమ్మకంతో తిప్పేసేవాణ్ణి. అన్నేళ్లలో ఒక్కరు కూడా నాకు తప్పు చెప్పలేదు. చెబితే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే కదా.

పెళ్లయిన కొత్తలో కళ్యాణదుర్గం సంతకు పోయేటప్పుడు నా భార్య ఎడమ పక్క మొదట కూర్చునేది. మోకాళ్ల మధ్య గేరు రాడ్డు, ఒళ్లో సంచి. అప్పట్లో ఆమె నాతో పది మందిలో మాట్లాడేది కాదు, సిగ్గు. కాని మలుపులో నేను అడిగితే మాత్రం బదులు చెప్పేది. ఆ పక్కకు మెడ చాచి, చూసి, నాకు మాత్రమే వినపడేటట్టు "పో" అనేది. మా ఇద్దరి మధ్య మొదట్లో జరిగిన సంభాషణ చాలావరకు అదే.

రోడ్డుకు ఏ పక్క పోవాలనే పట్టింపు కూడా మాకు తక్కువే. ఉలవ కోతలు అయినాక కాయలతో ఉన్న ఎండు కట్టెను తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కుతూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఆ తర్వాత కట్టె ఎత్తేసి, గింజలు ఊడ్చి, చేటలతో చెరుగుతారు. రోడ్డు సగం మాకు కళ్లం, మిగిలిన సగం దారి. చట్టం ప్రకారం ఎడమపక్క పోవాలి, మర్యాద ప్రకారం ఉలవకట్టె ఏ పక్క ఉంటే ఆ పక్క పోవాలి. పక్కకు తప్పించుకుని పోయే డ్రైవరును పొగరుబోతు కింద లెక్కేసేవాళ్లు. "అన్నా, మీదనే పోనీ" అని చెయ్యి ఊపితే కుడిపక్క అయినా సరే అటు తిప్పాల్సిందే. మా చేనిది పరిచిన రోజు నేను జీపును ముందుకూ వెనక్కూ రెండుసార్లు తోలేవాణ్ణి. జీపులో జనం ఏమీ అనేవాళ్లు కాదు. రేపు వాళ్లది ఉంటుంది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. చేసేదానికి పనుల్లేక జనం మూటాముల్లె సర్దుకుని బెంగళూరు పోయారు. జీపులో ముందు నా కుడిపక్క ఖాళీ అయింది, తర్వాత ఎడమ పక్క. ఖాళీ జీపు తోలడం నాకు చేతకాలేదు. తెలిసినవాళ్లు పట్టుకుని కువైట్‌లో ఇంటి డ్రైవరు పని చూపిస్తే ఒప్పుకున్నాను.

ఆ ఇంట్లో నాకు ముందున్న డ్రైవరు కడప పక్క మనిషి. పని మానేసి ఇంటికి పోతూ పోతూ నాకు దారులు చూపించాడు. "ఈడ కుడిపక్క తోలాల" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఉలవల కాలమంతా కుడిపక్క తోలినవాణ్ణి, నాకా చెప్పేది అనుకున్నాను. ఆయన నా నవ్వు చూసి ఒక మాట చెప్పాడు. "యా దేశంలో అయినా డ్రైవరు రోడ్డు నడుమ పక్కన ఉంటాడు. నువ్వు రోడ్డు అంచున కూచున్నట్ల అనిపిస్తే తప్పు పక్క పోతాండావని తెలుసుకో." ఇంత చిన్నగా, ఇంత సరిగ్గా ఆ విషయం నాకు ఇంకెవరూ చెప్పలేదు. చెప్పిన మనిషి ఆ వారమే విమానం ఎక్కేశాడు.

ఆయన పోయాక తెలిసింది అసలు సంగతి. స్టీరింగు ఎడమపక్క. గేరు మార్చే పనే లేదు, అదే మారుతుంది. కాని నా ఎడమచెయ్యికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? బండి వేగం తగ్గినప్పుడల్లా అది గేరు రాడ్డు కోసం పోయి తలుపుకు కొట్టుకునేది. రోజూ కొట్టుకుని కొట్టుకుని వేళ్ల కణుపులు కమిలిపోయాయి. ఒకసారి నాకు తెలియకుండానే "పెద్దాయనా, కాలు" అన్నాను. వెనక సీటులో పిల్లలు నా వైపు చూశారు.

బండ్లు నిండా ఉన్న రోడ్డు మీద నాకు కష్టం లేదు. మంద వెంబడి మేక పోయినట్టు పోవడమే. ఖాళీ రోడ్డు వస్తేనే చెయ్యి పాత దారి పట్టేది. ఒక మధ్యాహ్నం బడి నుంచి పిల్లలను తెస్తూ నాలుగు దారులు కలిసే ఒక రౌండు దగ్గర, ముందర ఒక్క బండి కూడా లేకపోయేసరికి, మన ఊళ్లో మాదిరి ఎడమ పక్క నుంచి చుట్టడానికి పోయాను. ఎదురుగా కార్లు ఆగిపోయాయి. హారన్లు కొట్టారు. నేను మధ్యలో నిలబడిపోయాను. మన దగ్గరైతే నలుగురు దిగి నోటికొచ్చినట్టు తిడతారు. తిట్టినాక వాళ్లలోనే ఒకడు "సరే, ఇట్లా వెనక్కు తియ్" అని దారి చూపిస్తాడు. అక్కడ ఒక్కరు కూడా అద్దం దించలేదు. ఆ రోజు నన్ను ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. సాయంత్రం ఇంటి యజమాని పిలిచి, ఇంకోసారి అయితే పంపించేస్తానని చెప్పాడు. ఆయన కూడా గొంతు పెంచలేదు.

ఆ భయంతో ఏ పక్క పోవాలో నేర్చుకున్నాను. నేర్చుకోలేకపోయింది ఖాళీ సీటును. ఆ ఇంట్లో అందరూ వెనకనే కూర్చునేవాళ్లు. నా పక్కన అంత పెద్ద సీటు, మెత్తటి తోలు సీటు, ఎవరూ లేకుండా నాతో పాటు తిరిగేది. కంబదూరులో అయితే ఆ సీటులో ముగ్గురు పట్టేవాళ్లు, ఒక కోడిపుంజు కూడా. సందులో నుంచి పెద్దరోడ్డుకు వచ్చిన ప్రతిసారీ నేను ఆ సీటు వైపు తిరిగి "ఆ పక్క ఏమన్నా వస్తాందా?" అని అడిగేవాణ్ణి. అడిగినాక గుర్తొచ్చేది. అద్దాలు బ్రహ్మాండంగా ఉండేవి, అన్నీ కనపడేవి, అడగాల్సిన అవసరమే లేదు. అయినా నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు అట్లా అడిగి, బదులు కోసం ఒక క్షణం ఆగి, బడి ముందర కారు పక్కకు తీసి ఏడ్చాను. ఇంతమంది మగవాళ్లు దేశం పోయి వచ్చారు, వాచీలు చూపించారు, సెంట్లు చల్లుకున్నారు గాని, పక్కన మనిషి లేకుండా బండి తోలడం ఎట్లా ఉంటుందో ఒక్కడూ చెప్పలేదు.

ఆ ఇంట్లో యజమాని తల్లి ఒక ముసలామె ఉండేది. నేను మనసులో అవ్వ అని పిలుచుకునేవాణ్ణి. మోకాళ్ల నొప్పులు ఎక్కువై వెనక సీటులో కాళ్లు ముడుచుకుని కూర్చోలేక ఒకరోజు ఆమె ముందరి తలుపు తీయించుకుని నా పక్కన కూర్చుంది. వాళ్ల కోడలు ఏదో అభ్యంతరం చెప్పింది. అవ్వ వినలేదు. ఆస్పత్రికి పోయే దారిలో పెద్దరోడ్డు దగ్గర నా నోరు మామూలుగా అడిగేసింది. "ఆ పక్క ఏమన్నా వస్తాందా?" నాలుక కరుచుకున్నాను. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. కాని ఆమె మెడ చాచి, కుడిపక్కకు కాసేపు చూసి, చేత్తో పో అన్నట్టు ఊపింది. అడిగింది బండి గురించి అని ఎట్లా అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా ఆమె కూడా ఒకప్పుడు ఎవరి పక్కనో కూర్చుని దారి చూసి ఉంటుంది.

అప్పటి నుంచి ఆమెతో పోయినప్పుడల్లా నేను అడిగేవాణ్ణి, ఆమె చెయ్యి ఊపేది. ఒక్కోసారి చెయ్యి అడ్డం పెట్టేది, అంటే ఆగమని. అద్దంలో నాకు ఏమీ కనపడకపోయినా ఆగేవాణ్ణి. మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంత పని ఉంది నాకు అన్నట్టు కూర్చునేది. కువైట్‌లో నేను మనిషిలాగా ఉన్నది ఆ కొద్ది దూరాలే.

తర్వాత ఒక వారం ఆమె బయటికి రాలేదు. ఇంకో వారం ఇంటి ముందర కార్లు బారులు తీరాయి. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, డ్రైవరుకు చెప్పాల్సిన అవసరం ఏముంది. అవ్వ పోయిందని నేనే తెలుసుకున్నాను. చుట్టాలను తిప్పాను, తీసుకొచ్చాను, దింపాను. అందరూ వెనకనే కూర్చున్నారు. ఆ రోజుతో అడగడం మానేశాను. పెద్దరోడ్డు వస్తే అద్దం చూడడం, తిప్పడం. నోరు కూడా ఊరుకోవడం నేర్చుకుంది. యజమాని మెచ్చుకున్నాడు, ఇప్పుడు బాగా తోలుతున్నావని. ఇంటికి ఫోను చేసినప్పుడు ఈ సంగతులేవీ చెప్పేవాణ్ణి కాదు. "తిన్నావా" అని ఆమె, "తిన్నా" అని నేను. "వాన పడిందా" అని నేను, "యాడ" అని ఆమె.

ఇక చాలనిపించి వచ్చేసిన రోజు కళ్యాణదుర్గం బస్టాండులో దిగి చూస్తే నా భార్య మోపెడ్ మీద కూర్చుని ఉంది. నేను లేనప్పుడు నేర్చుకుందట. ఫోనులో ఒక్క మాట చెప్పలేదు. "ఎక్కు" అంది. పెట్టె ముందర కాళ్ల దగ్గర పెట్టుకుంది, నేను వెనక కూర్చున్నాను. బస్టాండు దాటి రోడ్డు ఎక్కుతూనే ఆమె ఎడమపక్కకు తిప్పింది. ఆమె భుజం పట్టి గుంజి "ఏయ్, తప్పు పక్క" అని అరిచాను. బండి ఊగిపోయింది. ఆమె కాలు కిందపెట్టి ఆపి, వెనక్కు తిరిగి నన్ను చూసింది. చుట్టూ అన్ని బండ్లూ ఎడమపక్కనే పోతున్నాయి.

"ఇదో, బాగుండావా నువ్వు?" అంది. బాగున్నానన్నాను. ఊరు చేరేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాను.

కొన్నాళ్లకు ఏడుగురు కూర్చునే పాత కారు ఒకటి తీసుకున్నాను, బాడుగలకు తోలుకోవచ్చని. మొదటిసారి కళ్యాణదుర్గం పోదాం రమ్మంటే నా భార్య మంచి చీర కట్టుకుని వచ్చి ముందర నా పక్కన కూర్చుంది. పూలు కూడా పెట్టుకుంది. నాకు ఎంత సంతోషమంటే, కువైట్‌లో ఆ ఖాళీ సీటు వైపు చూసిన చూపులన్నీ ఆ పూటతో తీరిపోయాయి అనుకున్నాను. మా ఇంటి దగ్గర మట్టిబాట పోయి తారురోడ్డుకు కలుస్తుంది. రోడ్డు మీద పురుగు లేదు. అద్దం చూశాను, తిప్పాను, పోనిచ్చాను. దూరంగా మిట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆమె వాటి గురించి ఏదో చెబుతోంది. అవి వచ్చినప్పుడు నేను లేను.

చింతచెట్ల మలుపులో బస్సు ఎదురుగా వచ్చింది. నేను రోడ్డుకు కుడిపక్క ఉన్నానని అప్పుడు తెలిసింది. బ్రేకు తొక్కాను. బస్సు డ్రైవరు నన్ను తప్పించబోయి పక్కకు తిప్పాడు. ఆ పక్క ఎవరిదో ఉలవ రాశి, చెరిగి కుప్పపోసింది, మూటలకు ఎత్తబోతున్నది. బస్సు ముందు చక్రాలు దాంట్లోకి పోయి ఆగాయి. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. గింజలు మాత్రం రోడ్డంతా చిమ్మాయి.

బస్సు డ్రైవరు దిగి వచ్చి నా తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏమప్పా, యా దేశమప్పా నీది?" అన్నాడు. వెనక నుంచి ఇంకొందరు దిగారు, నోటికొచ్చినట్టు తిట్టారు. రాశి తాలూకు ఆమె కొంగు నడుముకు దోపుకుని నన్నూ నా వంశాన్నీ కలిపి తిట్టింది. కువైట్‌లో కోరుకున్న తిట్లన్నీ ఒకేసారి దొరికాయి. అవి నొప్పి పెట్టలేదు. నొప్పి పెట్టింది ఇంకొకటి. నా భార్య కారు దిగి, ఆ మంచి చీరతోనే రోడ్డు మీద గొంతుక్కూర్చుని అరచేతులతో ఉలవలు దగ్గరికి చేయడం మొదలుపెట్టింది. నేను దిగబోతే తల ఎత్తకుండానే "నువ్వు పో" అంది. సాయంత్రం ఎవరి ట్రాక్టరులోనో ఇల్లు చేరింది. అంతే, ఆ తర్వాత కారు ఎక్కలేదు.

ఊళ్లో నాకు బాడుగలు రాలేదు. వచ్చేవన్నీ ఎగతాళులే. అరుగు మీద కూర్చున్నవాళ్లు "అన్నా, ఈ పొద్దు యా దేశం పక్క?" అని అడిగేవాళ్లు. నేను కూడా నవ్వేవాణ్ణి, ఏం చేస్తాను. రోజూ కారు కడిగేవాణ్ణి. నీళ్లకు కరువున్న ఊళ్లో ఎవరూ ఎక్కని కారును కడగడం చూసి మా ఇంటి పక్కామె గొణుక్కునేది. ఆమె గొణగడం న్యాయమే.

ఇంట్లో నా భార్యకు తీరిక ఉండేది కాదు. పొద్దున్నే మోపెడ్ మీద చేనికి, చేని నుంచి పొదుపు సంఘం మీటింగుకు, అక్కడి నుంచి ఇంకెవరినో ఆస్పత్రికి తీసుకుపోవడానికి. ఆమె ఫోను మోగుతూనే ఉండేది. నేను లేని ఏళ్లలో ఆమెకు ఒక దారి ఏర్పడింది, అది బాగానే ఉంది, దాంట్లో నాకు చోటు లేదు. కువైట్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు ఊరు ఉంది కదా అనుకునేవాణ్ణి. ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకోవాలో నాకు తోచలేదు.

ఒక పొద్దున ఒక్కణ్ణే కంబదూరు పోదామని కారు తీశాను. మట్టిబాట చివర ఆమె మోపెడ్ ఆపుకుని ఉంది. నన్ను చూసింది. ఎడమచెయ్యి చాచి, వెనకాలే రమ్మని ఊపి, ఎడమపక్కకు తిప్పి పోయింది. నేను ఆమె వెనక పోయాను. మోపెడ్ వేగంతోనే పోవాలి కాబట్టి నిదానంగా, కంబదూరు దాకా. వెనక లారీలు హారన్లు కొట్టినా ఆమె దారి ఇవ్వలేదు. ఎర్రటి కొంగు గాలికి ఎగురుతూ ముందర పోతూ ఉంటే, నా చెయ్యి ఏ పక్కకు పోవాలో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. మరుసటి పొద్దున కూడా అట్లాగే. తర్వాత రోజు కూడా. ఊరివాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఒకడు "అక్కా, అన్నను యాడికి తోలుకోని పోతాండావు?" అని అరిచాడు. ఆమె తిరిగి కూడా చూడలేదు.

కొన్ని రోజులకు చెయ్యి దారిలో పడింది. ఆమె ముందర లేకుండా పోయినా ఎడమపక్కనే పోయేవాణ్ణి. అయినా ఆమె కారు ఎక్కలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగేశాను. "ఇంకా భయమేనా? ఇప్పుడు పక్క తప్పడం లేదు కదా" అన్నాను.

ఆమె నా పళ్లెంలో చారు పోసి, గరిటె పెట్టేసి కూర్చుంది.

"పక్క తప్పినావని కాదు. ఆ పొద్దు నువ్వు రోడ్డుకు కుడిపక్క పట్టింది నేను చూస్తిని" అంది.

"చూసి చెప్పలేదే?"

"ఆ పక్క ముందర ఎవురిదో కట్టె ఉండాదేమో, తొక్కనీకి పోతాండావు అనుకొంటి. మన దోవలో అది మామూలే కదా. నువ్వు అడిగింటే చెప్పేదాన్ని." చారు గిన్నె మీద మూత పెట్టింది. "జీపు తోలేటప్పుడు మలుపు మలుపుకూ అడుగుతాంటివి. నేను మెడ చాచి చూసి చెప్తాంటిని. ఆ పొద్దు పక్కన కూచోబెట్టుకొన్నావు గాని నన్ను అడగలే. నీ పక్కన నేనుండాననే నీకు తెలీదు. అట్లాంటి బండ్లో యాల కూచోవాల?"

కువైట్‌లో నాకు పక్క మారింది, అది మళ్లీ మార్చుకున్నాను. అడగడం ఎప్పుడు మానేశానో, ఎందుకు మానేశానో ఆమెకు చెప్పలేదు. అవ్వ గురించి చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చారు చల్లారిపోయింది.

పోయిన వారం ఉలవలు అమ్మే పని మీద ఆమె కళ్యాణదుర్గం పోవాల్సి వచ్చింది. పొద్దున మోపెడ్ దగ్గరికి పోయింది. సంచి దాని మీద పెట్టింది. మళ్లీ తీసింది. నేను కారు తుడుస్తున్నాను. ఆమె నేరుగా వచ్చి ముందరి తలుపు తీసి సంచి సీటు మీద పెట్టి, తలుపు వేసి, వెనక తలుపు తీసుకుని వెనక కూర్చుంది.

"ముందర కూచో" అన్నాను.

"వద్దులే. ఈడ్నుంచి రెండు పక్కలా కనపడతాది" అంది.

వెనక కూర్చునే ఆడవాళ్లను తిప్పి తిప్పి వచ్చినవాణ్ణి నేను. అద్దంలో ఆమె ముఖం చూస్తే నాకు ఆ ఇల్లే గుర్తొచ్చింది, పక్కన అదే ఖాళీ సీటు. ఇంత దూరం తిరిగొచ్చి ఇదేనా అనిపించింది. బండి తీశాను. మట్టిబాట అయిపోయి తారురోడ్డు వచ్చింది. ఆపాను. అద్దాలు ఉన్నాయి, రెండు పక్కలా కనపడుతోంది, ఎటు చూసినా రోడ్డు ఖాళీ. ఆ మాట నోట్లోకి వచ్చింది గాని బయటికి రావడానికి కష్టపడింది. కువైట్‌లో ఖాళీ సీటును అడగడం ఇంతకంటే సులువు. ఆ సీటు కాదనదు.

"ఆ పక్క ఏమన్నా వస్తాందా?" అన్నాను.

ఆమె ముందుకు వంగింది. నా పక్క సీటు మీద చెయ్యి ఆనించి, మెడ చాచి ఎడమపక్క చూసింది, కుడిపక్క చూసింది, మళ్లీ ఎడమపక్క చూసింది.

"ఉండు" అంది.

ఉన్నాను. రోడ్డు మీద ఏమీ రాలేదు. ఇంకాసేపు ఉన్నాను. ఎవరో ఎత్తగా మిగిలిన ఉలవపొట్టు గాలికి తారు మీద దొర్లుతోంది.

"యాడ? ఏమీ కనపడలేదే" అన్నాను.

"ఏం రాలే" అంది. "ఊరికే ఉండమంటి. నువ్వు అడిగి ఎన్నేండ్లాయె."

నేను అద్దంలో చూడలేదు. చూస్తే బండి తోలలేనని తెలుసు. ఆమె చెయ్యి మాత్రం ఆ ఖాళీ సీటు మీదనే ఉంది. కాసేపటికి పాత రోజుల్లో మాదిరి, నాకు ఒక్కడికే వినపడేటట్టు, "పో" అంది.